నురగ గోడల మీద

2017 వానల్లో ఒక సాయంత్రం బెంగళూరు వర్తూరు చెరువు కోడి దగ్గర బండి ఆపాను. చెరువు నీళ్ళు పొర్లిపోయే చోటు అది, మా వైపు దాన్ని మరవ అంటాం. బెళ్ళందూరు చెరువు నుంచి దిగివచ్చే మురుగు, అందులోని సబ్బు మరవ దూకి, చిలికినట్టయి తెల్లగా పొంగుతోంది. గాలికి నురగ లేచి దారిలో పోయేవాళ్ళ మీద పడుతోంది. ఒక ముద్ద నా హెల్మెట్ అద్దానికి అంటుకుంది. దగ్గరగా చూశాను. బుడగల లోపల ఏమీ లేదు. ఉన్న సబ్బునీరంతా గోడల్లో ఉంది. గోడలు కలిసే అంచుల్లో చిక్కగా, అంచులు కలిసే మూలల్లో మరింత చిక్కగా.

అది మన తప్పువల్ల పుట్టిన నురగ. దాన్ని అందమనడానికి నాకు నోరు రాదు. కానీ విశ్వం ఆకారం నాకు పట్టుబడింది ఆ ముద్దలోనే.

1986లో వాలెరీ ద లాపారెంట్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా దాదాపు 1,100 గెలాక్సీల దూరాలు కొలిచి పటం గీశారు. అవి అక్షింతలు చల్లినట్టు లేవు. పెద్ద పెద్ద బుడగల గోడల మీద ఉన్నాయి. మధ్యలో కోట్ల కాంతి సంవత్సరాల ఖాళీ. నేను మరవ దగ్గర నిలబడ్డ 2017లోనే పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం అయుకా శాస్త్రవేత్తలు మీనరాశి దిక్కున, 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, అలాంటి గోడలు కలిసే చోటును కనుక్కుని సరస్వతి అని పేరు పెట్టారు. కనీసం 43 గెలాక్సీ గుంపులున్న చోటు అది.

నురగను నిలిపేది సబ్బునీటి బిగువు. విశ్వంలో పనిచేసేది గురుత్వాకర్షణ. విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్ళకు పదార్థం దాదాపు అంతటా సమానంగానే ఉంది. ఎక్కువ తక్కువలు లక్షలో ఒక వంతు. ఆ రవ్వంత ఎక్కువ ఉన్నచోటు పక్కవాటిని లాగింది. లాగినకొద్దీ బరువెక్కింది, బరువెక్కినకొద్దీ ఇంకా లాగింది. కంటికి కనబడని కృష్ణపదార్థం ముందు పోగైంది. దాని ఒడిలోకి వాయువు జారి, చల్లబడి, నక్షత్రాలైంది. గెలాక్సీ పుట్టడమంటే ఇదే. ఆ గెలాక్సీలు గోడలు కలిసే అంచుల్లోని తీగల వెంట మూలలకు కదులుతాయి. తక్కువ ఉన్నచోటు ఖాళీ అవుతూ పోతుంది.

ఈ సంగతి చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. కదిరి పక్క చిన్న పల్లె. పక్క ఊళ్ళకంటే కాస్త తక్కువ వాన, కాస్త లోతు బోరు. తేడా అంతే. ఒకరు కదిలారు, వాళ్ళ వెనక తమ్ముడు, తమ్ముడి వెనక బామ్మర్ది. గోరంట్ల, కొడికొండ, బాగేపల్లి మీదుగా ఆ దారి తీగలాగా మమ్మల్ని తెచ్చి వర్తూరులో పోసింది. "వీధిలో ఎవరున్నారమ్మా?" అని ఫోన్లో అడిగితే, "ఎవరుంటారు నాయనా, పండగకొస్తే కనపడతారు" అంటుంది అమ్మ. ఆమె మాత్రం రాదు. రెండు బర్రెలు, ఒక వేపచెట్టు.

బుడగల మధ్య ఖాళీల్లోనూ అక్కడక్కడ గెలాక్సీలు ఉంటాయి. ఎక్కువగా చిన్నవే. వాయువు ఇంకా వాటి దగ్గరే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా కొత్త నక్షత్రాలను కంటూనే ఉంటాయి. కిక్కిరిసిన గుంపుల్లో పడ్డవాటి వాయువును అక్కడి వేడి వాయువు ఒరుసుకుపోతుంది. వాటిలో చాలా వాటికి కొత్త నక్షత్రం పుట్టడమే ఆగిపోతుంది. ఖాళీ అంటే చచ్చిన చోటని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తప్పు.

అయినా అన్నీ దూరమైపోవడం లేదు. విశ్వం విస్తరిస్తున్నా, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నవి విడిపోవు. మన పాలపుంత వైపు ఆండ్రోమెడా గెలాక్సీ సెకనుకు సుమారు 110 కిలోమీటర్ల వేగంతో వస్తూనే ఉంది. దాని వెలుగు మనల్ని చేరడానికి 25 లక్షల ఏళ్ళు పడుతుంది.

దీపావళి వెళ్ళిన వారంలో ఊరికి పోతే, చంద్రుడు దిగిపోయాక, రాత్రి తొమ్మిది దాటాక మిద్దె ఎక్కండి. ఉత్తరం వైపు ఎత్తుగా, ఊదిన పొగలాంటి చిన్న మసక కనబడుతుంది. అదే ఆండ్రోమెడా. వర్తూరులో మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద నుంచి ఎన్నోసార్లు వెతికాను. ఈ దీపాల్లో అది కనబడదు.