కంటికి కనబడని పని

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భంలో వేసిన ఇంటర్నెట్ కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. దాదాపు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు ఉపగ్రహమే దిక్కు. పెద్ద ఫైలు పంపాలంటే తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే నేటి శ్రీవిజయపురంలో, ఇంటి వరండాలో కూర్చునే హైదరాబాద్ ఆఫీసు పని చేసుకోవచ్చు.

తీగ సముద్రం దాటింది. మనసు ఇంకా దాటలేదు. ప్రమోషన్ వేళ పై అధికారికి ముందుగా గుర్తొచ్చేది పొద్దున కలిసి టీ తాగిన ముఖమే. అతనికి దురుద్దేశం ఉండకపోవచ్చు. ఎదుట ఉన్నవాడే కష్టపడుతున్నాడని తోస్తుంది, అంతే. నష్టం మాత్రం దూరాన ఉన్నవాళ్లది.

ఇవాళ ఎవరి పనినైనా తూచాల్సింది మీరే అయితే, ముందు పేర్లు మూసిపెట్టి పని చూడండి.