నాబోతు తోటయు మన కొండలును

ధ్యానమునకు: 1 రాజులు 21:1–16, ద్వితీయోపదేశకాండము 20:19



పెనుకొండనుండి ధర్మవరము వైపు పోవువారికి దూరపు కొండలమీద తెల్లని గాలిమరలు కనబడును. రామగిరి కొండలమీద అవి 1990 దశకముననే వెలసినవి. బొగ్గు కాల్చక, పొగ విడువక కరెంటు నిచ్చును గనుక అవి మంచివే. మన బోరు మోటార్లకును ఆలయ దీపములకును కరెంటు కావలెను గదా. అయితే పని మంచిదైనంత మాత్రమున దానిని ఏ చోటనైనను, ఏ విధముగనైనను చేయవచ్చునా?

ఆ ప్రాంతముననే కల్పవల్లి యను కొండసీమ కలదు. 1992 ప్రాంతమున అవి బోడికొండలు. టింబక్టు కలెక్టివ్ అను సంస్థ తోడ్పాటుతో ముష్టికోవెల మొదలగు గ్రామములవారు మంటల నార్పిరి, గొడ్డలిని ఆపిరి, కాపలా కాచిరి. క్రమముగా సుమారు 7,000 ఎకరములలో పచ్చదనము తిరిగివచ్చెను. ఇండ్లు కప్పుటకు బోదగడ్డి, బుట్టలకును చీపుళ్లకును ఈతాకు, గొఱ్ఱెలకు మేత దొరికెను. తోడేళ్లకును అక్కడ చోటు దొరికెను.

అయినను ప్రభుత్వ రికార్డులో అది బంజరు. కాపాడినవారి పేర పట్టా లేదు. సుమారు ఇరువది యేండ్లకు ఒక గాలిమరల కంపెనీ అక్కడికి వచ్చెను. పెద్ద యంత్రములు కొండ యెక్కుటకు వాలులను కోసి వెడల్పైన బాటలు వేసిరి. తెగిన మన్ను వానకు వాగులలోనికి దిగెను. 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము గాలిమరలకు ముందుగా పర్యావరణ పరిశీలన అక్కరలేదు. కనుక ఇక్కడ కట్టవచ్చునా అని ముందు అడిగినవారు లేరు. 2013లో ఆ వివాదము జాతీయ హరిత ట్రిబ్యునలుకు వెళ్లెను.

నేడు అనేక కంపెనీలు ప్రకృతి సంరక్షణ సంఘములతో చేయి కలుపుచున్నవి. 2001లో నాలుగు గొప్ప చమురు కంపెనీలు ఐదు సంరక్షణ సంస్థలతో కూడి ఇట్టి ప్రయత్నము నారంభించెను. మన దేశములోను 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి 2 రూపాయలు సమాజ హితమునకు ఖర్చు చేయవలెనని విధించినది. జంతువుల, మొక్కల సంరక్షణయు అందులో చేరును. ఈ పొత్తు తప్పా? తప్పని నేననను. శత్రువులై పోరాడుటకంటె కూర్చుండి మాటలాడుట మేలు.

అయితే నాబోతును జ్ఞాపకము చేసికొనుడి. అహాబు మొదట అడిగినది అన్యాయపు బేరము కాదు. అంతకంటె మంచి తోటనైనను, సరియైన వెలనైనను ఇత్తుననెను. ఎక్కడ పాపము మొదలైనది? నాబోతు కాదనెను, రాజు ఆ మాట భరింపలేకపోయెను. కాదను స్వేచ్ఛ ఉన్నంతవరకే అది బేరము.

పొత్తుకును ఇదే గీటురాయి. ఈ విషయమెరిగినవారు చెప్పు క్రమమొకటి కలదు: మొదట హానిని తప్పించుము, తప్పనిదానిని తగ్గించుము, చెడినదానిని బాగుచేయుము, మిగిలినదానికే పరిహారమిమ్ము. కొండను కోసిన తరువాత మొక్కలు నాటించువాడు కడపటి మెట్టును మొదటి మెట్టు చేయుచున్నాడు. ధర్మశాస్త్రము యుద్ధకాలమందు సహితము ఫలవృక్షమును నరకవద్దని హద్దు గీసినది. యుద్ధమునకే హద్దున్నప్పుడు కరెంటుకు హద్దుండదా?

హిందూపురమునకు దాపున వీరాపురములో ఏటేట కొంగలు వచ్చి చింతచెట్లమీద గూళ్లు కట్టును. ఊరివారు వాటిని కాపాడుచున్నారు. కొంగకు పట్టా లేదు, తోడేలుకు ఓటు లేదు. మూగవాని పక్షమున నోరు తెరువుమని సామెతల గ్రంథము 31:8 మనకు బోధించుచున్నది. సంరక్షణ సంఘము ఆ మూగజీవులకు నోరు. కంపెనీ సొమ్ము పుచ్చుకొని, కాదనవలసిన చోట అది ఊరకుండినయెడల ఆ నోరును మూగదాయెను.

రేపు మన గ్రామమునకును ఇట్టి కంపెనీ రావచ్చును. బడికి గోడ, ఆలయమునకు రేకులు ఇత్తుమనవచ్చును. పుచ్చుకొనక ముందు మూడు సంగతులు అడుగుదము. ఈ చోటు వద్దు అనిన వారు విందురా? ఆ కొండను మేపినవారును కాచినవారును ఈ మాటలలో కూర్చుండిరా? నష్టమును ముందు తప్పించుచున్నారా, వెనుక వెల కట్టుచున్నారా?

ఈ మూడింటికి సరియైన జవాబు దొరికిన యెడల సంతోషముగా చేయి కలుపుదము. దొరకనియెడల, రేకులు లేకున్నను, నాబోతువలె కాదనుదము.