తెర వెనుక నవ్వు



క్రిస్మస్ మాసము మన బోధన్ ప్రాంతమున చెరకు కోత కాలము. పగలంతయు కొడవలి పట్టిన చేతులే రాత్రివేళ డోలక్ పట్టుకొని ఇంటింట కీర్తనలు పాడును. ఈ దినములలోనే మన యౌవనస్థులు నాటకము కూడ వేయుదురు. గడచిన డిసెంబరులో ఆ నాటకము విషయమై మా గ్రామ సంఘములో చిన్న వివాదము పుట్టినది. అందరిని కడుపుబ్బ నవ్వించు నాటకము వేసెదమని కుర్రవారనిరి. రక్షకుని జన్మదినమున నవ్వులాటలు తగవని కొందరు పెద్దలనిరి. చివరకు ఇరుపక్షములవారును నా యింటికి వచ్చి, “సారూ, క్రిస్మస్ పండుగకు నవ్వొచ్చునా, నవ్వొద్దా? మీరే చెప్పుండ్రి” అని అడిగిరి.

నవ్వు పాపమని బైబిలులో ఎక్కడను లేదు. శారా ముసలితనమున కన్న కుమారునికి పెట్టబడిన ఇస్సాకు అను పేరునకు అర్థమే నవ్వు. ఏడ్చుటకు కాలమున్నట్లే నవ్వుటకును కాలమున్నదని ప్రసంగి మనకు నేర్పుచున్నాడు. కాబట్టి “నవ్వవచ్చును” అని కుర్రవారితో వెంటనే చెప్పగలిగితిని. అయితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నవ్వవచ్చునా అను ప్రశ్న సులభమైనది. ఎవరిని చూచి నవ్వవచ్చును అనునదే కష్టమైనది. ఆ ప్రశ్నకు నేను ఒకప్పుడు తప్పు జవాబు వ్రాసిన వాడను. దానిని ముందు చెప్పి ఇతర సంగతులకు వచ్చెదను.

అది 1984వ సంవత్సరము. నేనప్పుడు పడుచు ఉపాధ్యాయుడను. క్రిస్మస్ నాటకము నేనే వ్రాసితిని. గొల్లలలో ఒకనికి నత్తి పెట్టితిని. ఆ నత్తి నా కల్పన కాదు. మా సంఘములో ఎడ్లబండి తోలు సహోదరుడొకడుండెను. అతడు రాత్రులందు చెరకు బండి తోలుకొని శక్కర్‌నగర్ మిల్లు గేటు ముందర వరుసలో వేచియుండి, తెల్లవారి ఇల్లు చేరి, ఆదివారమైనచో స్నానము చేసి తిన్నగా ఆరాధనకు వచ్చువాడు. మాట తడబడును, అయినను ఆరాధన ముగియునప్పుడు లేచి ప్రార్థన చేయువాడు. ఆ ప్రార్థనకు కొంత సమయము పట్టెడిది. మేమందరము ఓపికతో ఆమేన్ కొరకు ఎదురుచూచెడివారము.

నాటకములో మా కుర్రవాడు అతనివలెనే తడబడి దేవదూతతో మాట్లాడెను. జనము విరగబడి నవ్విరి. అతడు ముందు వరుసలో చాప మీద కూర్చుండి అందరికంటె గట్టిగా నవ్వెను. అది చూచి నేను సంతోషించితిని. నొచ్చుకొన్నవాడు నవ్వునా అని నన్ను నేను సమాధానపరచుకొంటిని.

తరువాతి ఆదివారము అతడు ప్రార్థనకు లేవలేదు. ఆ పై ఆదివారమును లేవలేదు. రెండు నెలలు గడచిన తరువాత నేను అతని గుడిసెకు వెళ్లి కారణమడిగితిని. అతడు ఎడ్లకు సొప్ప వేయుచు, నా ముఖము చూడకయే మెల్లగా ఈలాగు చెప్పెను: “గదేం లేదు సారూ. మీరు నవ్విన్రు, నేను గూడ నవ్విన. గని నేను ప్రార్థన జేసినప్పుడు గూడ అందరికి గట్లనే ఇనవడుతదేమో అనిపిచ్చింది. దేవుని ముంగట నవ్వులాట ఎందుకని ఊకున్న.”

నేను క్షమాపణ అడిగితిని. అతడు మనసార క్షమించెను, కూర్చుండబెట్టి చాయ పోసెను. అయితే అతడు జీవించినన్నాళ్లు మరల సంఘములో నోరు తెరచి ప్రార్థించలేదు. క్షమాపణ నాకు దొరికినది, అతని ప్రార్థన సంఘమునకు తిరిగి దొరకలేదు.

ఇప్పుడు మన కుర్రవారి సంగతికి వత్తము. నవ్వు నాటకము వేయవలెనను ఆశ వారికొక ఇంగ్లీషు చలనచిత్రము వలన కలిగినది. దాని పేరు హోమ్ ఎలోన్. అది 1990 నవంబరులో అమెరికాలో విడుదలైనది. జాన్ హ్యూస్ వ్రాసి నిర్మించగా క్రిస్ కొలంబస్ దర్శకత్వము వహించెను. క్రిస్మస్ సెలవులకు పరదేశము పోవు పెద్ద కుటుంబము, తొందరలో ఎనిమిదేండ్ల పిల్లవానిని ఇంటిలో మరచి పోవును. ఆ యింట దొంగతనమునకు వచ్చిన ఇద్దరిని ఆ పిల్లవాడు రకరకముల ఉచ్చులు పన్ని ముప్పుతిప్పలు పెట్టును. సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లతో తీసిన ఆ చిత్రము లోకమంతట 47 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినది. నేటికిని క్రిస్మస్ వచ్చినచో అనేక దేశములలో కుటుంబములు కలిసి కూర్చుండి దానిని చూచుదురు. మన కుర్రవారు సెల్‌ఫోనులో చూచిరి. నన్నును కూర్చుండబెట్టి చూపించిరి. నేనును నవ్వితిని, దాచనేల?

చిత్రము ముగిసిన పిమ్మట ఒక కుర్రవాడు దాని తెర వెనుక సంగతులు చెప్పసాగెను. చికాగో దగ్గర విన్నెట్కా అను ఊరిలోని ఇంటిని బయట నుండి చూపిరట. లోపలి గదులలో చాలవరకు ఒక మూతపడిన పాఠశాలలో కట్టిన బొమ్మ గదులట. పిల్లవాడు చూచు పాత నలుపు తెలుపు దొంగల చిత్రము నిజముగా పాతది కాదు, దీని కొరకే తీసినదట. పగిలిన గాజు బంతుల మీద నడచిన దొంగ కాళ్లకు రబ్బరు పాదములు తొడిగిరట. అయితే అతని ముఖము మీద ప్రాకిన పెద్ద సాలీడు మాత్రము నిజమైనదేనట. ఇవి విన్నపుడు చిన్నపిల్లల వలె ఆశ్చర్యపడితిని. వీనిలో రెండు సంగతులు మాత్రము నన్ను వదలలేదు.

మొదటిది: మెట్ల మీద నుండి దొర్లుట, మంచు మీద జారి వెల్లకిల పడుట, ఇవన్నియు సాహసకృత్యములు చేయు మనుష్యులు నిజముగా పడి చేసినవే. ఆ దెబ్బలను చిత్రించునప్పుడు అక్కడ నవ్వు రాలేదనియు, పడినవారు ప్రాణముతో ఉండవలెనని తాను ప్రార్థించుకొంటిననియు దర్శకుడే తరువాత చెప్పెను. లోకమంతయు నవ్విన చోట, దానిని తీసినవాడు భయపడెను. పడినవాడు లేచి నిలువబడిన తరువాతనే ఆ పడుట నవ్వులాట అయినది.

రెండవది: ఆ కథలో పిల్లవాని అన్నకు ప్రియురాలున్నది. ఆమె ఫోటో చూచి పిల్లవాడు ముఖము చిట్లించి వెక్కిరించును. చూచువారందరు నవ్వవలసిన చోటు అది. ఆ ఫోటోకు ఒక ఆడపిల్లను నిలువబెట్టుట సులభమే. కాని ఏ ఆడపిల్లను అట్లు చూపి లోకమును నవ్వించుట క్రూరమని దర్శకునికి తోచెను. కనుక ఒక మగపిల్లవానికి ఆడవేషము వేసి ఆ ఫోటో తీసిరి. తెర మీద అది కొన్ని క్షణములే కనబడును. ఎవరును గమనించరు. అయినను ఆ కొన్ని క్షణముల వెనుక, ఆ ఆడపిల్ల ఇంటికి పోయి అద్దము చూచుకొనునప్పుడు ఆమెకు ఎట్లుండునని ఆలోచించినవాడొకడుండెను.

ఈ మాట విని నేను లేచి పెరటిలోనికి పోయితిని. ఆలోచన ఉండవలసిన చోట నాకు లేకపోయెను గదా. సినిమావారికి కలిగిన కనికరము, దేవుని ఇంటిలో నాటకము వ్రాసిన నాకు కలుగలేదు.

మనము సాధారణముగా చెప్పుకొను సాకు ఒకటి కలదు: “వాడును నవ్వినాడు గదా!” ఈ సాకును మనము బాగుగా పరీక్షింపవలెను. బీదవాడు సంఘముతో కలిసి నవ్వుట అన్నివేళల సంతోషము కాదు. నవ్వకపోయినచో తాను వేరుపడును. నవ్వినచో తన అవమానమునకు తానే సాక్షి యగును. ఈ రెండింటిలో అతడు రెండవదానిని కోరుకొనును, ఏలయనగా ఒంటరియగుట అంతకంటె భారము. కాబట్టి అతని నవ్వు మనకు అనుమతి చీటి కాదు.

“అయితే ముందుగా అడుగుదుము” అని కొందరందురు. అడుగుట మంచిదే. ఆ చిత్రములో పడినవారిని అడిగిరి, అది వారు ఎన్నుకొన్న పని, దానికి జీతము పుచ్చుకొనిరి. కాని సంఘములో ఉపాధ్యాయుడు వచ్చి అడిగినపుడు బండివాడు వద్దనగలడా? “మీ ఇష్టం సారూ” అనును. కాదనుటకు శక్తి లేనివాని యొద్ద అవునని అనిపించుకొనుట అడిగినట్లు కాదు. అందుచేత భారము నవ్వించువాని మీదనే యున్నది. ఎదుటివాడు చెప్పలేని మాటను తానే ముందుగా ఆలోచించవలెను. ఆ దర్శకుడు చేసినది అదియే. ఏ ఆడపిల్లయు వచ్చి మొరపెట్టక మునుపే ఆమె పక్షమున తానే ఆలోచించెను.

సామెతల గ్రంథము 26వ అధ్యాయములో జ్ఞాని, పొరుగువానికి కీడు చేసి తరువాత వేళాకోళమునకు చేసితిననువానిని నిప్పులు విసరు వెర్రివానితో పోల్చుచున్నాడు. నిప్పుకు వేళాకోళము తెలియదు. ఎండిన చెరకు ఆకులో పడిన రవ్వ ఎవరు ఎందుకు విసరిరని అడుగదు, తోట కాలిపోవును. బీదవానిని వెక్కిరించువాడు అతనిని సృజించినవానినే నిందించుచున్నాడని అదే గ్రంథము 17వ అధ్యాయము చెప్పుచున్నది. మోషే తాను నోటి మాంద్యము గలవాడనని చెప్పినపుడు, ఆ నోటిని చేసినది తానే గదా అని దేవుడు అడిగెను. తడబడు నాలుకను దేవుడు తన పనికి ఏర్పరచుకొనగా, నేను దానిని నాటకమునకు ఏర్పరచుకొంటిని.

1978లో వచ్చిన కరుణామయుడు చిత్రమును మన గ్రామములలో తెల్లబట్ట మీద చూచినవారు అనేకులు. ప్రభువునకు ముండ్ల కిరీటము పెట్టి, మోకాళ్లూని, రాజాయని సైనికులు వెక్కిరించిన కథ చూచి మన తల్లులు కొంగుతో కన్నీరు తుడుచుకొందురు. ఆ సైనికులు కూడ తమలో తాము నవ్వులాట ఆడుకొనుచున్నామనియే తలంచిరి. తెర మీద ఆ నవ్వును గుర్తుపట్టిన మనము, మన చావడిలో మన నోటనే వచ్చినపుడు ఏల గుర్తుపట్టలేకపోవుచున్నాము?

మన జిల్లాలో క్రీస్తు నామమునకు మంచి సాక్ష్యము ఎట్లు కలిగినదో జ్ఞాపకము చేసికొందము. ఊరివారు వెలివేసిన కుష్ఠరోగులను డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు చేరదీసిరి. డిచ్‌పల్లిలో 1915లో వారి కొరకు ఆసుపత్రి వెలసినది. దానికి హిందూ సహోదరుడైన రాజా నర్సాగౌడ్ గారు ధనసహాయము చేసిరి. లోకము ముఖము త్రిప్పుకొన్న ముఖమును తేరి చూచుటతోనే ఆ సేవ మొదలైనది. నవ్వించువానికి కావలసిన చూపు కూడ అదియే.

కాబట్టి నేను కుర్రవారితో ఈలాగు చెప్పితిని: నాయనలారా, నవ్వు నాటకము వేయుడి. అయితే మూడు సంగతులు ఆలోచించుడి. పడినవాడు లేచి నిలువగలడా? ఈ మాట విని ఇంటికి పోయి ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరు బాధపడుదురు? ఆ బాధను మీరు మీ మీద వేసికొనగలరా? ఎవరినైన వెక్కిరించవలసి వచ్చినచో, లేచి జవాబు చెప్పగలవానిని వెక్కిరించుడి. నేనున్నాను గదా!

వారు నా మాటను సంపూర్ణముగా పాటించిరి. క్రిస్మస్ రాత్రి నాటకములో బేత్లెహేము సత్రపు యజమాని ప్రక్కన ఒక ముసలి ఉపదేశకుడు వచ్చెను. కండ్లద్దములు నొసటి మీద పెట్టుకొని వానిని గుడ్డలన్నిటిలో వెదకెను. “చివరగా ఒక్క మాట” అని ఏడుసార్లు చెప్పెను. గొల్లలు నిద్రపోయిరి, గొర్రెలు నిద్రపోయెను, దేవదూత కూడ ఆవులించెను. వివాదమాడిన పెద్దలే అందరికంటె ఎక్కువగా నవ్విరి. నా భార్య నవ్వు దూరమునకు వినబడెను. నాకు కొంచెము నొచ్చినది, అబద్ధమాడను. కాని నేను లేచి నిలువగలిగితిని. ఆ రాత్రి ముగింపు ప్రార్థన నేనే చేసితిని.

ప్రార్థించుచుండగా ఆ బండి తోలు సహోదరుని స్వరము నా చెవిలో వినబడినట్లుండెను. అతని మాట తడబడును గాని పరలోకమునకు తిన్నగా పోయెడిది. దానిని నేను ఆపితిని. ఈ సంగతి వ్రాయుట వలన అది తిరిగి రాదు. అయితే ఈ పత్రిక చదువు సంఘములలో నత్తిగలవారు, కుంటివారు, చదువురానివారు అనేకులున్నారు. ఈ క్రిస్మస్‌కు వారిలో ఒక్కని స్వరమైన ఆగిపోకుండ మనము జాగ్రత్తపడినచో నేను ఇది వ్రాసినందుకు ఫలము కలిగినట్లే.

దేవుడు మన నోళ్లను నవ్వుతో నింపును గాక. ఆ నవ్వు వలన ఎవరి నోరును మూతపడకుండును గాక. ఆమేన్.