పన్నెండో అధ్యాయంతో ఓ పేచీ

గీత పన్నెండో అధ్యాయంతో నాకు పాత పేచీ ఒకటుంది. నిన్ను రూపంతో కొలిచేవాళ్లు మేలా, రూపం లేని అవ్యక్తాన్ని పట్టుకున్నవాళ్లు మేలా అని అర్జునుడు అడుగుతాడు. ఇద్దరూ నన్నే చేరతారు గానీ, దేహం మోస్తున్నవాళ్లకి అవ్యక్తం దారి కష్టం అంటాడు కృష్ణుడు. పురాణం చెప్పేవాళ్లు అక్కడ ఆగి ఒక మాట తప్పకుండా కలుపుతారు. మనసుకి పట్టుకొమ్మ కావాలి కాబట్టే విగ్రహం, అందుకే ధ్యానశ్లోకం, మనలాంటి సామాన్యులకు అదే సులువు అని. నా విషయంలో ఇది పూర్తిగా తిరగబడింది. అవ్యక్తం నాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. రానిది రూపమే.

కళ్లు మూసుకుని అమ్మవారిని తలుచుకోమంటే, అమ్మవారి గురించి నాకు తెలిసినవన్నీ వరసగా వస్తాయి. అమ్మవారు మాత్రం రాదు. మసగ్గానో ముక్కలుగానో కూడా రాదు.

బ్యాంకులో రిటైరయ్యాక విజయవాడలో మా అపార్ట్‌మెంట్ హాల్లో శుక్రవారం సాయంత్రాలు లలితా సహస్రనామం చదివిస్తున్నాను. గొంతు గట్టిది, పుస్తకం అక్కర్లేదు, అందుకని ముందు చెప్పే పని నాకు పడింది. నామాలకు ముందు ధ్యానశ్లోకం చదవాలి. చిత్రకారుడికి చాలినంత వివరం ఉంటుంది అందులో. సిందూరం రంగు మేను, మూడు కళ్లు, మాణిక్యాల కిరీటం మీద చంద్రుడు, చిరునవ్వు, ఒక చేతిలో తుమ్మెదలు ముసిరిన రత్నపాత్ర, ఇంకో చేతిలో ఎర్ర కలువ, రత్నాల కలశం మీద ఆనించిన ఎర్రటి పాదం. అందరం ఒక్క గొంతుతో చదువుతాం. చదివి ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాం. ఆ క్షణంలో ఎవరికేం జరుగుతోందో ఎవరం ఎప్పుడూ అడగలేదు. అడగాలని తోచదు కూడా.

ఓ శుక్రవారం గుగ్గిళ్లు పంచుతూ అడిగేశాను. "పిన్నిగారూ, మీకు నిజంగా కనపడుతుందా?"

నాలుగో అంతస్తు పిన్నిగారు నన్ను వింతగా చూశారు. "కనపడకపోతే ఎట్టా చదువుతామమ్మా?" ఆవిడకు కనపడేది ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మ, అదీ దసరాల్లో లలితా త్రిపురసుందరి అలంకారంలో, చీర అంచుతో సహా. శ్లోకంలో ఉన్నది రెండు చేతుల దేవత అన్నా ఆవిడకు పట్టలేదు. పక్కింటి వదినగారికి కనపడేది వాళ్ల పుట్టింటి గూట్లో ముక్కు అరిగిపోయిన ఇత్తడి విగ్రహం. పిన్నిగారి కోడలికి ఏదో మెరిసి, చూద్దామనుకునేలోపు పోతుందట. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే అమ్మాయి ఏమీ కనపడదంది. "నామాలు వినపడతాయి ఆంటీ, మా అమ్మమ్మ గొంతులో." ఇంతకాలం పక్కపక్కన కూచుని ఒకే శ్లోకం చదువుతున్నవాళ్లం. లోపల ఒకరి సరుకు ఒకరికి తెలియదు.

నూటనలభై ఏళ్లకు పైగా వెనక, ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇదే ప్రశ్న వేశాడు. ఆయన అడిగింది దేవుడి గురించి కాదు, టిఫిను బల్ల గురించి. ఈ పొద్దున మీరు కూచున్న బల్లను తలుచుకోండి, వెలుగు ఎంత ఉంది, అంచులు తేటగా ఉన్నాయా, రంగులు ఉన్నాయా అని తెలిసినవాళ్లకు ప్రశ్నపత్రం పంపి, జవాబుల్ని 1880లో 'మైండ్' పత్రికలో అచ్చువేశాడు. కొందరు ఎదురుగా ఉన్నట్టే కనపడుతోందన్నారు. కొందరు పేరున్న శాస్త్రజ్ఞులు అసలు 'మనసులో బొమ్మ' అన్నదే కవుల అలంకారమనుకున్నామని, దాన్ని నిజంగా ఎవరైనా చూస్తారంటే నమ్మలేమని రాశారు. శాస్త్రజ్ఞులకు ఈ శక్తి తక్కువని గాల్టన్ తేల్చిన సంగతిని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు, అది వేరే గొడవ. నన్ను పట్టుకున్నది ఆ పెద్దమనుషుల నమ్మకం. తమకు లేనిది ఎవరికీ లేదనుకున్నారు. మా పిన్నిగారు తమకున్నది అందరికీ ఉందనుకున్నారు. రెండూ ఒకటే.

2015లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన నాడీవైద్యుడు ఆడం జీమన్ ఇలా మనసులో బొమ్మ రాకపోవడానికి అఫాంటేసియా అని పేరు పెట్టాడు. గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఉంటారట. పేరు దొరికాక మనుషులు బయటపడటం మొదలైంది. వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు పిక్సార్ సంస్థను నడిపిన ఎడ్ క్యాట్మల్. ఆయనకు సంగతి తెలిసింది టిబెటన్ ధ్యానం నేర్చుకుంటుంటేనట. గోళాన్ని మనసులో నిలుపుకోమంటే, ఇంటికెళ్లి కళ్లు మూసుకుంటే ఏమీ రాలేదు. దాంతో తన సంస్థలో 540 మందిని అడిగి చూశాడు. బొమ్మలు గీసే కళాకారుల కంటే పనులు పురమాయించే మేనేజర్లకే మనోచిత్రాలు గట్టిగా ఉన్నాయని తేలింది. 'లిటిల్ మెర్మెయిడ్'లో ఏరియల్‌ను గీసిన గ్లెన్ కీన్‌కు కూడా మనసులో బొమ్మ ఉండదట. ముందు లోపల చూసి తర్వాత చేత్తో దించుతారని మనం కళ గురించి చెప్పుకునే కథ ఆయన దగ్గర చెల్లదు.

సరే, వీళ్లంతా నోటితో చెప్పినవే కదా, నమ్మేదెట్లా? సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంవాళ్లు దీనికి కంటిపాపను సాక్ష్యం పిలిచారు. వెలుతురు చూస్తే కంటిపాప చిన్నదవుతుంది. వెలుగైన ఆకారాన్ని ఊహించుకున్నా సరే, మామూలు వాళ్లకు కొంచెం చిన్నదవుతుంది. 2022లో అచ్చయిన ఈ ప్రయోగంలో, బొమ్మ రానివాళ్ల కంటిపాప ఊహలోని వెలుగుకూ చీకటికీ తేడా చూపలేదు. ఇక్కడితో ఆగితే వీళ్లు ప్రయత్నమే చేయలేదేమో అనొచ్చు. అయితే ఒక ఆకారానికి బదులు నాలుగింటిని ఊహించమన్నప్పుడు వీళ్ల కంటిపాప కూడా అందరిలాగే పెద్దదయింది. మనసు కష్టపడుతున్నప్పుడు అట్లా జరుగుతుంది. అంటే పని జరుగుతోంది, బొమ్మ లేదు. వెయ్యిమంది ఉదయసూర్యుల కాంతి గల తల్లి అని సహస్రనామంలో వచ్చినప్పుడు మా పిన్నిగారి కంటిపాప కుంచించుకుంటుందేమో, నాది కుంచించుకోదు. శ్రమ మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఈ సంగతి చదివిన రోజు నాకు పండగే అయింది.

ఎందుకంటే ఈ లేమి వల్ల నేను ఒక మాట పడ్డాను. అమ్మ పోయిన పదకొండో రోజున అక్క ఏడుస్తూ "కళ్లముందే తిరుగుతోందే" అంది. నాకు తిరగడం లేదన్నాను. "అమ్మ మొహం కూడా గుర్తురాదంటే నువ్వెట్టాంటిదానివే?" అంది. గుర్తు లేకపోవడమా! ఏడురాళ్ల బేసరి ఎడమ ముక్కుకు ఉండేదని తెలుసు, అందులో ఒక రాయి ఊడిపోతే లక్క పెట్టించిందని తెలుసు, నవ్వేముందు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేదని తెలుసు. తెలిసినవి చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. చూపించమంటేనే చేతకాదు. అక్క దృష్టిలో ప్రేమకు రుజువు బొమ్మ. అదే సిడ్నీవాళ్లు 2021లో ఇంకో సంగతి తేల్చారు. షార్క్ తరుముకొచ్చేలాంటి భయం గొలిపే కథల్ని చీకట్లో చదివిస్తే, బొమ్మ రానివాళ్ల చర్మం మీద భయం తాలూకు చెమట మార్పు పెద్దగా కనపడలేదు. భయపెట్టే ఫోటోలు చూపిస్తే మాత్రం అందరితో సమానంగా బెదిరారు. గుండె ఉందా లేదా అన్నది కాదు, దానికి ఏ దారిన వెళ్లాలన్నదే తేడా. ఇది అక్కకు చదివి వినిపించాను. "ఏమోనే" అంది. అంతకంటే ఆశించడం అత్యాశ.

ఎదుటివాడి మనసు గురించి మన శాస్త్రాలు చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా తోచింది యోగసూత్రాల మూడో పాదంలోని ఒక చిన్న హద్దు. యోగి ఇతరుల చిత్తాన్ని తెలుసుకోగలడని పతంజలి చెబుతాడు. వెంటనే, ఆ చిత్తం దేన్ని పట్టుకుని ఉందో అది మాత్రం తెలియదని ఒక సవరణ. కొన్ని ప్రతుల్లో ఇది విడి సూత్రం, కొన్నిటిలో వ్యాసభాష్యంలోని వాక్యం. భాష్యకారుడి వివరణ ఏమిటంటే, ఎదుటి మనసులో ఆశ ఉందని యోగికి తెలుస్తుంది, ఏ వస్తువు మీద ఆశో తెలియదు. సిద్ధులన్నీ వరసపెట్టి చెబుతున్న అధ్యాయంలో, ఏనుగు బలం, ఆకాశగమనం కూడా సాధ్యమేనంటున్న చోట, ఈ ఒక్కదానికి కంచె వేయాలని ఎవరికో తోచింది చూడండి.

బ్యాంకు కౌంటరులో కూచున్నవాళ్లకు ఈ సూత్రం అనుభవమే. కంప్యూటర్లు రాని రోజుల్లో చెక్కు పాస్ చేయాలంటే స్పెసిమెన్ కార్డు తీసి సంతకం పోల్చాలి. తేడా ఉన్న సంతకం దగ్గర కార్డు తీయకముందే నా వేలు ఆగిపోయేది. అసలు సంతకం నా మనసులో కనపడి కాదు, అది నాకెప్పుడూ కనపడదు. సంతకం పెట్టిన చేతిలో తొందరో బెదురో ఉందని తెలిసేది. విత్‌డ్రాయల్ ఫారం రెండు చేతులతో పట్టుకుని, టోకెన్ ఇచ్చినా కుర్చీలో కూచోకుండా గ్రిల్లు పక్కనే నిలబడ్డ మనిషికి ఇంట్లో ఏదో జరిగిందని తెలుస్తుంది. ఆసుపత్రా, అప్పులవాడా, ఆడపిల్ల పెళ్లా అన్నది తెలియదు. తెలియకపోయినా ఆ ఫారాన్ని పైకి తీసి ముందు పంపుతాం. ఆయన లోపలి బొమ్మ నాకు అక్కర్లేకపోయింది.

ఏడో శతాబ్దంలో ధర్మకీర్తి అనే బౌద్ధుడు ఇతరులకు మనసు ఉందని రుజువు చేయడానికి ఏకంగా ఓ గ్రంథం రాశాడు, 'సంతానాంతరసిద్ధి' అని. బయటి ప్రపంచం కూడా మనసులోని విజ్ఞానమేనంటే పక్కవాడికి మనసుందని ఎట్లా చెబుతావని ఎదుటి పక్షం నిలదీసింది మరి. ఆయన వాదం సూటిగా ఉంటుంది. నా మాటకూ చేతకూ ముందు నా సంకల్పం ఉందని నాకు తెలుసు. నా సంకల్పం లేకుండానే మాటలూ చేతలూ ఎదుట కనపడుతున్నాయి. కాబట్టి వాటికి వేరే సంకల్పం ఉండాలి. ఇంగ్లండులో జాన్ స్టూవర్ట్ మిల్ ఇలాంటి వాదమే చేసింది 1865లో. ధర్మకీర్తి గ్రంథానికి సంస్కృత మూలం పోయి టిబెటన్ అనువాదం మిగిలింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత విక్రమశిలలో రత్నకీర్తి ఈ రుజువును ఖండిస్తూ ఇంకో గ్రంథం రాశాడు. అది మనకు దక్కడంలో 'ఓల్గా నుంచి గంగకు' రాసిన రాహుల్ సాంకృత్యాయన్ చేయి ఉంది, టిబెట్ మఠాల్లో తాళపత్రాలను ఫోటోలు తీసిన పుణ్యం ఆయనది. రత్నకీర్తి పాయింటు పదునైనది. పొగా నిప్పూ కలిసి ఉండటం ఎక్కడో ఒకచోట చూశాం కనుక పొగను బట్టి నిప్పు అంటాం. ఎదుటివాడి మనసు ఎన్నడూ చూడనిదీ, చూడలేనిదీ. దానికి వ్యాప్తి, అంటే అట్లా కలిసి ఉండే నియమం, ఎక్కణ్ణుంచి తెస్తావు?

తర్కంలో రత్నకీర్తిదే పైచేయి అని నాకనిపిస్తుంది. అయినా నేను ధర్మకీర్తి పక్షమే, కాకపోతే ఆయన ఇచ్చినంతే తీసుకుంటాను. ఎదుట ఒక మనసు ఉందన్నదాకే ఆయన వాదం నడుస్తుంది. అది నా మనసులాగే ఉందని ఎక్కడా రుజువు కాదు. మనం ఆ రెండో మెట్టు అడక్కుండానే ఎక్కేస్తాం. మా అక్క ఎక్కింది, గాల్టన్‌కు జవాబు రాసిన పెద్దలు ఎక్కారు, రూపం అందరికీ సులువంటున్న పురాణప్రవక్తలు మైకు పెట్టుకుని మరీ ఎక్కుతారు.

రూపం లేనిదే ధ్యానం కుదరదనేవాళ్లకు మీమాంసకులనే చూపిస్తాను. యజ్ఞాల మీద అంత పట్టు ఉన్న శబరస్వామి దేవతకు దేహం ఉండదనీ, ఆమె వచ్చి తినదనీ తన భాష్యంలో వాదించాడు. హవిస్సు ఇచ్చేటప్పుడు పలికే ఆ శబ్దమే ఆయనకు చాలు. ఆయన్ని ఎవరూ నాస్తికుడనలేదు. ఫిజిక్స్ అమ్మాయి అమ్మమ్మ గొంతు ఈ సభలో దర్జాగా కూచోవచ్చు.

బొమ్మ పక్షాన ఉన్న కథల్లో నాకు ఇష్టమైంది తమిళదేశంలోని పూసలార్ నాయనారుది. పన్నెండో శతాబ్దంలో శేక్కిళార్ రాసిన పెరియపురాణంలో ఉంది. తిరునిన్రవూరులో ఉండే ఈ పేద బ్రాహ్మడికి శివుడికి గుడి కట్టాలని కోరిక, చేతిలో పైసా లేదు. మనసులోనే సామాన్లు కూడబెట్టి, శిల్పుల్ని పిలిచి, పునాది నుంచి శిఖరం దాకా కట్టాడు, కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్నాడు. అదే రోజున కంచిలో పల్లవరాజు తాను కట్టిన రాతిగుడికి ముహూర్తం పెట్టాడు. శివుడు రాజు కలలోకి వచ్చి, ఆ రోజు నేను పూసలార్ గుడికి వెళ్లాలి, నీది ఇంకో రోజుకు మార్చుకో అన్నాడు. చెన్నై పక్కనున్న ఆ ఊళ్లో హృదయాలీశ్వరుడి గుడి ఇప్పుడుంది. గర్భగుడిలో లింగంతో పాటు పూసలార్ కూడా ఉంటాడు. గుండెజబ్బులవాళ్లు వచ్చి మొక్కుకుంటారు.

పూసలార్ నాకు పూర్తిగా ఎదురు కొసన ఉన్నవాడు, మా పిన్నిగారికి పెద్దన్న. అయినా కథలో నా మనసు రాజు దగ్గరే ఆగుతుంది. పరివారంతో ఆ ఊరు వెళ్లి, పూసలార్ కట్టిన గుడి ఎక్కడని అడిగితే, అట్లాంటి గుడి ఏదీ లేదన్నారు ఊళ్లోవాళ్లు. పూసలార్ దగ్గరకు వెళ్తే ఉన్న సంగతి చెప్పాడు. రాజు సాష్టాంగపడ్డాడు, తిరిగి కంచి వెళ్లిపోయాడు. గోపురం ఎన్ని అంతస్తులని గానీ, కోనేరు ఏ వైపున తవ్వించావని గానీ అడిగినట్టు లేదు.