జైతూను రేవులో ఒక తగవు

చ్వాన్‌జౌ అంటే మనలో చాలామందికి తెలియదు. జైతూను అంటే మార్కోపోలో, ఇబ్న్ బతూతాల గురించి చదివినవారికి గుర్తు రావచ్చు. రెండూ ఒకే ఊరు. చైనా ఆగ్నేయ తీరంలో, ఫూజియన్ రాష్ట్రంలో ఉంది. సుంగ్, యువాన్ వంశాల కాలంలో లోకంలోని పెద్ద రేవుల్లో ఒకటి. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు రెండేళ్ళ ముందు, 2019 నవంబరులో, మేం నలుగురం అక్కడ రెండు రోజులు తిరిగాం. బరంపురం నుంచి రిటైరైన మాష్టారొకరు, బెంగుళూరులో బట్టల అంగడి నడిపే మిత్రుడు, ఆయన భార్య, హోసూరు నుంచి నేను. నలుగురికీ ఇంట్లో తెలుగే. వీధిలోకి వస్తే ఒకరికి ఒడియా, ఇద్దరికి కన్నడం, నాకు తమిళం.

నన్ను అక్కడికి లాగింది ఒక శాసనం. దాని నకలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. శక సంవత్సరం 1203, అంటే 1281 చైత్రమాసంలో, సంబంధ పెరుమాళ్ అనే ఆయన ఖాను ఆరోగ్యం కోసం, ఖాను అనుమతితో, ఆ ఊళ్ళో శివుణ్ణి ప్రతిష్ఠించాడు. శాసనం తమిళంలో ఉంది, కింద చైనా అక్షరాలు ఒక వరుస. నేను చదివింది తమిళ బడిలో కనుక ఆ పాత లిపిలో అక్కడక్కడ అక్షరాలు కూడబలుక్కోగలిగాను. తెలుగు ఇంటివాణ్ణి, చైనాలో నిలబడి, తమిళం చూసి మా వీధి చూసినట్టు సంబరపడ్డాను. మాష్టారికి మాత్రం ఒక్క తెలుగక్షరమైనా కనపడలేదని బెంగ. జైతూను గురించి రాసిన ఆ మార్కోపోలోయే మన మోటుపల్లి గురించీ రాశాడు కదా, మనవాడు ఒక్కడైనా ఓడెక్కి ఉండడా అని ఆయన వాదన.

ఆ గుడి ఇప్పుడు లేదు. దాని రాళ్ళు ఊరంతా చెదిరిపోయాయి. 686లో స్థాపించిన కైయువాన్ బౌద్ధాలయంలో పెద్ద మండపం వెనుక రెండు రాతి స్తంభాలున్నాయి. వాటిమీద నరసింహుడు, రోలు ఈడ్చుకుపోతున్న కృష్ణుడు, గజేంద్రుణ్ణి కాపాడే విష్ణువు. పోతన పుట్టకముందు చెక్కిన గజేంద్రుడండీ! మాష్టారు అక్కడినుంచి కదలనంటే కదలనన్నారు. మరికొన్ని రాళ్ళు కోటగోడలోకి పోయాయి. గోడ పడగొట్టినప్పుడు బయటపడ్డ అరబ్బీ, సిరియాక్, తమిళ దేశపు రాళ్ళెన్నో ఇప్పుడు సముద్రయాన మ్యూజియంలో పక్కపక్కన ఉన్నాయి. ఊరికి కాస్త దూరంలో చెదియన్ అనే పల్లెలో ఒక చిన్న గుడి ఉంది. అందులోని నాలుగు చేతుల దేవతకు ఆ పల్లెవాళ్ళు గ్వాన్‌యిన్ అని పేరుపెట్టి అగరొత్తులు వెలిగిస్తారు.

1357లో ఆ ఊళ్ళో పర్షియా సైనికుల తిరుగుబాటు మొదలైంది. దాదాపు పదేళ్ళకు అణచివేసినప్పుడు పరదేశీయులను ఊచకోత కోశారు. తరవాత వచ్చిన మింగ్ వంశం ప్రజల సముద్ర వ్యాపారాన్నే నిషేధించింది. తమిళ వర్తకుల మాట ఆ రేవులో మళ్ళీ వినపడలేదు. కాని అరబ్బు, పర్షియా వర్తకుల సంతతి కొంత నిలిచింది. దగ్గరలోని చెందై ఊళ్ళో డింగ్ ఇంటిపేరువాళ్ళు ఉన్నారు. మాట చైనీయం, తిండి చైనీయం, మతాచారం చాలామందికి లేదు. పెద్దలకు పెట్టే నైవేద్యంలో మాత్రం పందిమాంసం పెట్టరు. తాము తింటారు, తాతలకు పెట్టరు!

ఆ రాత్రి హోటల్లో తగవు మొదలుపెట్టింది బెంగుళూరు మిత్రుడు. “చంపడం అన్యాయమే, దాన్ని పక్కన పెట్టండి. మిగిలినవాళ్ళ పిల్లలు చైనావాళ్ళయ్యారు. అన్నం తిన్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఇందులో నష్టపోయినవాడెవడో నాకు చూపించండి మాష్టారూ” అన్నాడు.

“నష్టపోయినట్టు వాడికే తెలీదు నాయనా. అదే నష్టం” అన్నారు మాష్టారు.

మాష్టారి మాట వినడానికి బాగుంది గాని నిలవదు. బాధ తెలియనివాడికి బాధ ఉందని మనం రుజువు చేయలేం. చనిపోయిన తాతకు బాకీ ఉన్నామనడమూ నాకు నచ్చదు. తాత ఓడెక్కింది పిల్లలు బాగుపడాలని గాని వ్యాకరణం కాపాడాలని కాదు. భాషకు అన్యాయం జరిగిందందామా? భాష మనిషి కాదు.

నాకు తట్టింది వేరు. ఇరవయ్యేళ్ళు వచ్చాక తెలుగు వద్దనుకున్న పిల్లవాడు దాన్ని వదిలేయగలడు. అయిదేళ్ళప్పుడు తెలుగు అందని పిల్లవాడు ఇరవయ్యేళ్ళకు కావాలనుకుంటే పుస్తకం కొని నేర్చుకోవచ్చు గాని, అమ్మ తిట్టిన తిట్టుగా అది వాడికి రాదు. రెండు తప్పులూ సమానం కావు. ఒకటి దిద్దుకోవచ్చు, రెండోది కుదరదు. ఆ రెండోదాన్ని పిల్లవాడి బదులు మనం తేల్చేస్తున్నాం. డింగులకు వంశావళి మిగిలింది, అదీ చైనా లిపిలోనే. దాని బలంతో 1979లో తమను హుయ్ జాతిగా గుర్తింపజేసుకున్నారు. వద్దనుకుంటే ఊరుకునేవారు. అడిగే వీలైతే ఉంది. మా వైపు 2006 చట్టం వచ్చాక తమిళం తప్పనిసరై, బడిలో తెలుగుకు చోటు ఇరుకైంది. తమిళం నేర్చుకోవాలి, నాకు అన్నం పెట్టింది అదే. బడిలో తగ్గిన చోటు ఇంట్లో దొరుకుతుందా అన్నది మిగిలిన ప్రశ్న.

అంతవరకూ కమలాపండు వొలుస్తూ విన్న మిత్రుడి భార్య అప్పుడు నోరు విప్పింది. “ఆ ఓడల్లో ఆడవాళ్ళెంతమంది వచ్చారన్నా? ఇక్కడి పిల్లను చేసుకుని, అంగడికి పోయి, పొద్దుగూకి ఇంటికొచ్చి, బిడ్డకు నా భాష రాలేదని ఏడ్చుంటారు మగవాళ్ళు. మా ఇంట్లోనూ అంతే. పిల్లాడికి కన్నడం బడి నేర్పుతుంది, ఇంగ్లీషు ట్యూషన్ నేర్పుతుంది, తెలుగు మటుకు అమ్మ నేర్పాలి. వాడి లెక్కల మార్కులు కూడా నా లెక్కే. ధర్మం, ధర్మం అంటున్నారు, అది ఎవరి నెత్తిన పడుతుందో ఒక్కరైనా అన్నారా?”

ముగ్గురం మగవాళ్ళం నోరు మూసుకున్నాం. మేం రాళ్ళు చూసినంతసేపూ ఈ మాట మాలో ఒక్కరికీ తోచలేదు. చెక్కించినవాళ్ళు మగవాళ్ళు, శాసనంలో పేరున్నది మగవాడికి. ఇంట్లో భాష నిలిచిందో పోయిందో తేల్చినవాళ్ళ పేరు ఏ రాతిమీదా లేదు. పిల్లవాడికి ఆ వీలు మిగల్చడం ధర్మమని నేనిప్పటికీ అంటాను. అయితే ఆ పని ఒక్కరి వంతే చేసి, మిగిలినవాళ్ళం సభల్లో బెంగపడుతూ కూర్చుంటే అది ధర్మం కాదు, పని చెప్పడం.

మర్నాడు షియామెన్ రైల్లో మిత్రుడు కాసేపు కిటికీలోంచి చూసి, “సరే, రాత్రిళ్ళు వాడికి నేను చెప్తాలే” అన్నాడు.

“మీరు అంగడి కట్టేసేది పదింటికి. వాడు తొమ్మిదింటికే పడుకుంటాడు” అందామె.