కాపలావాడూ - కొత్త మోకాలూ

నమ్మకస్తుడైన కాపలావాడికి మతి చలించి, ఇంట్లోవాళ్ళనే కర్ర పుచ్చుకుని బాదడం మొదలెడితే ఏం చేస్తాం? తీసేద్దామంటే దొంగల భయం. ఉంచుదామంటే వీపులు మిగలవు. రుమటాయిడ్ కీళ్ళవాతం అచ్చంగా ఇదే. క్రిముల్ని తరమాల్సిన రోగనిరోధక శక్తి సొంత కీళ్ళమీద పడుతుంది. డాక్టర్లు మెథోట్రెక్సేట్ లాంటి మందులిచ్చి కాపలావాణ్ణి కాస్త జోకొడతారు.

మా అక్కయ్యకి 15 ఏళ్ళుగా ఈ జోలపాటే. ఇప్పుడు మోకాళ్ళు మార్చాలన్నారు. మార్చిన మోకాళ్ళలో నూటికి 82 పాతికేళ్ళు మన్నుతాయని 2019లో లాన్సెట్ పత్రిక లెక్క తేల్చింది.

మరి భయమెందుకూ అంటారా? లోహంలో నెత్తురు పారదు. క్రిములు దానిమీద పొరకట్టుకు కూచుంటే మందులకి ఓ పట్టాన లొంగవు. ఒక్కోసారి పెట్టిన కీలు ఊడదీసి మళ్ళీ మొదలెట్టాలి. మామూలువాళ్ళలో ఇది నూటికి ఒకరిద్దరికే. ఈ జబ్బువాళ్ళకి అంతకంటే ఎక్కువ. కాపలావాడు కునికిపాట్లు పడుతున్నాడు కదా! మందులాపితే వాడు మళ్ళీ కర్ర తీస్తాడు. 2017లో అమెరికా కీళ్ళ వైద్యులూ, సర్జన్లూ కలిసి మధ్యేమార్గం చెప్పారు: మెథోట్రెక్సేట్ ఆపనక్కర్లేదు, బయోలాజిక్స్ అనే మందులు మాత్రం ఆపి, ఒక మోతాదు గడువు తీరాక ఆపరేషను చెయ్యాలి. ఆధారాలు అంత గట్టివి కావనీ వాళ్ళే రాసుకున్నారు.

ఇక ఇంట్లో పంచాయితీ. "ఏదన్నా అయితే?" అంటాడు మా మేనల్లుడు. న్యాయమైన ప్రశ్నే. కానీ దాని జంటప్రశ్న ఎవరూ వెయ్యరు: చేయించకపోతే? చేసిన పని వికటిస్తే తప్పంటాం. చెయ్యనందువల్ల మనిషి మంచానపడితే తలరాత అంటాం. నొప్పికి ఈ తేడా తెలియదు.

అలాగని "చేయించేసుకో అక్కయ్యా" అనడానికీ నాకు నోరు రాదు. నూటికి ఇద్దరన్న లెక్క వందమందికి; వచ్చినవాళ్ళకి అది నూటికి నూరు. నా ధైర్యాన్ని ఆవిడ మోకాలిమీద పందెం కాయడం ధైర్యమెలా అవుతుంది? మేనల్లుడి భయంతో ఆవిడని కుర్చీకి కట్టెయ్యడం మాత్రం ప్రేమెలా అవుతుంది?

మన చేతనైంది కొంత ఉంది. పళ్ళూ, చర్మం, షుగరూ ముందే చూపించడం. ఏ మందు ఎప్పుడాపాలో ఇద్దరు డాక్టర్లనీ కలిపి తేల్చుకోవడం. లెక్కలన్నీ దాచకుండా ఆవిడ ముందు పెట్టడం. ఆ తర్వాత త్రాసు ఆవిడ చేతికే ఇవ్వాలి.

"మెట్లెక్కి డాబామీద వడియాలు పెట్టుకుంటే చాల్రా" అంటుంది అక్కయ్య.

ఆ వడియాల బరువెంతో తూచగలిగింది ఆవిడొక్కతే.