బుగ్గ ఎవరిది?

పిల్లవాడి కోసం చేసినదాన్ని పిల్లవాడే ముట్టుకోకూడదంటే, అది ఎవరికోసం చేసినట్టు?

నవ్వకండి. చూడటానికి చిన్న ప్రశ్నే. ఉల్లిగడ్డలు తరుగుతూ ఆలోచించుకోదగ్గంత చిన్నది. కాని జవాబు దగ్గరికొచ్చేసరికి మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళకి మూడు రకాలుగా తోచింది.

మా అచ్చంపేటలో మొన్నమొన్నటిదాకా పిల్లల పుట్టినరోజంటే ఒక కేకు, నాలుగు రంగుకాగితాలు, వీధిలో పిల్లలకి తలా ఒక చాక్లెట్టు. అంతకుముందైతే అదీ లేదు. పొద్దున్నే తలంటు, కొత్తబట్ట, హారతి, ఇంత పరమాన్నం. మా తరం సంగతి అసలే అడక్కండి. బడిలో చేర్చుకున్న సారు రిజిస్టర్లో ఏ తేదీ వేస్తే అదే మేము పుట్టిన తేదీ! ఇప్పుడు మా ఊరికి ‘థీమ్’ వచ్చింది. అంటే మరేం లేదు, పిల్లవాడికి ఇష్టమైన బొమ్మ ఒకటి ఎంచుకుంటారు. ఆ రోజుకి గోడమీద తెరా అదే, కేకూ అదే, టోపీలూ అవే, పోయేటప్పుడు పిల్లలకిచ్చే డబ్బాలూ అవే. తెరచుట్టూ కమానులాగా బెలూన్లు. మా దిక్కు వాటిని బుగ్గలంటాం. కోస్తావాళ్ళు బూరలంటారు. ఏమన్నా బుగ్గ అన్న మాటలోనే ముద్దుంది.

మా మనవడికి ఈ ఏడు అయిదు నిండాయి. వాడికి ఛోటా భీమ్ కావాలన్నాడు. సంతోషించాను. ఆ భీముడు ఎక్కడివాడో కాదు, మన హైదరాబాదువాడే. రాజీవ్ చిలక అనే ఆయన అక్కడ తన గ్రీన్ గోల్డ్ సంస్థలో ఆ బొమ్మని పుట్టిస్తే, 2008 నుంచి పోగో టీవీలో దేశమంతా తిరిగాడు. ఢోలక్‌పూర్‌లో వుంటాడు, లడ్డూ తింటాడు, చెడ్డవాళ్ళని గుద్దుతాడు. మావాడికి నచ్చినవి చివరి రెండే. తినటం, గుద్దటం! ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పనిబడుతుంది.

మధ్యాహ్నం మూడింటికి ఇద్దరు కుర్రాళ్ళు సంచులతో దిగారు. ఒకడు పంపు పెట్టి బుగ్గలు నింపుతుంటే ఇంకొకడు ముడివేసి కమానుకి కడుతున్నాడు. మనవడు ఆ పంపు చుట్టూ ఈగలా తిరిగాడు. “అన్నా, నేనొకటి కొడ్తనే” అని రెండుసార్లు అడిగాడు. “వద్దు చిన్నా, పలుగుతయ్” అన్నాడు ఆ అబ్బాయి. పాపం అతని తొందర అతనిది, సాయంత్రం ఇంకో ఇంట్లో పెప్పా పిగ్ కట్టాలట. తళతళలాడే రేకులాంటి కాగితంతో చేసిన భీముడు ఒకడు, నా మనవడంత ఎత్తున్నాడు, వాణ్ణి దారంతో మధ్యలో వేలాడదీశారు. మామూలు గాలి నింపితే భీముడు ఎగరడు. ఎగరాలంటే హీలియం కావాలి. ఆ హీలియం కథ మొదలైంది మన గుంటూరు మీది సూర్యగ్రహణంతోనే అంటే మీరు నమ్ముతారా? 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి పండితుడు అక్కడికొచ్చి గ్రహణం చూశాడు. అదే ఏడు సూర్యుడి వెలుగులో కనిపించిన కొత్త పసుపుగీతనిబట్టి, సూర్యుడి గ్రీకుపేరు మీద ఆ వాయువుకి పేరు పెట్టారు. రబ్బరు బుగ్గ ఇంకా పాతది. 1824లో లండన్‌లో ఫారడే చేశాడు. రెండు రబ్బరు పొరలు అంటుకోకుండా, మనం పూరీలు వత్తేటప్పుడు చల్లుకున్నట్టే, లోపల పిండి చల్లాడట. ఆయన చేసింది హైడ్రోజనుతో ప్రయోగాలకి, పిల్లల కోసం కాదు. దాన్ని లాక్కుని ఆటవస్తువు చేసుకున్నది పిల్లలే. ఇప్పుడు మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి మనం లాక్కుంటున్నామేమో.

ఎందుకంటున్నానంటే, కుర్రాళ్ళు పోతూ ఒకమాట చెప్పి పోయారు. “అమ్మా, ఫోటోలు అయ్యేదాక పిల్లల్ని ముట్టనియ్యకుండ్రి.”

పిల్లలొచ్చారు. వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టాం. ఫోటోలు మొదలయ్యాయి. తల్లీతండ్రీతో, మేనమామతో, అటు తిరిగి, ఇటు తిరిగి. గంటంబావు గడిచింది. భీముడంటే తినేవాడూ గుద్దేవాడూ అని ప్రేమించిన పిల్లవాణ్ణి, భీముడి బొమ్మముందు చేతులు కట్టుకుని నిలబెట్టాం. లడ్డూ పళ్ళెం ఎదురుగానే వుంది, అదీ ఫోటో కోసమే.

అప్పుడు మేడమీద అద్దెకుండేవాళ్ళ పాప, నాలుగేళ్ళుంటాయేమో, మెల్లిగా కుర్చీ దిగి కమాను దగ్గరికి పోయి ఒక పచ్చబుగ్గని రెండుచేతులా పట్టుకుంది. ఠప్పుమంది. ఆ వెంటనే రెండోబుగ్గ కూడా ఠప్పుమంది. అది పాప బుగ్గ. వాళ్ళమ్మే కొట్టింది. కోపంతో కాదు. కోపం నాకు తెలుసు, సిగ్గు కూడా తెలుసు. పదిమందిలో, ఇంటివాళ్ళ ముందర, వేలు పోసి కట్టించుకున్న కమానులో తన బిడ్డ చిల్లి పెట్టిందే అన్న సిగ్గు. మేమంతా “అయ్యో ఎందుకమ్మా, పోనీలే” అన్నాం. అంటూనే అందరం పాపని కాక ఆ చిల్లినే చూశాం.

మావాడు నా కొంగు పట్టి లాగాడు. “నానమ్మా, బుగ్గ నాదే కదా? నేనేమనలే కదా? మరెందుకు కొట్టిండ్రు?”

ఏ శాస్త్రం చదివినవాళ్ళనైనా పిలవండి, దీనికి జవాబు చెప్పమనండి. సొమ్ముగలవాడికి కోపం రాలేదు. నష్టమేమో రెండు రూపాయల రబ్బరు. మరి ఆ దెబ్బ ఎవరి తరఫున పడ్డట్టు?

మా ఆడబిడ్డ జవాబు సులువైంది. “అంతా డబ్బుల దండుగ. ఇగ బంద్ పెట్టుండ్రి.” ఆవిడ అన్నిటికీ అదే అంటుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం.

కోడలి జవాబు అంత సులువుగా వదిలేది కాదు. రాత్రి గిన్నెలు సర్దుకుంటూ అంది. “అత్తమ్మా, అయిదేండ్ల సంది వీనికి అన్నం తినిపించిన. జరమొస్తే రాత్రంత కూసున్న. దేనికన్న ఒక ఫోటో వుందా? ఈ ఒక్కదినమన్న నేను చేసింది నలుగురికి కనపడొద్దా?”

నా చేతిలో గిన్నె అట్లాగే వుండిపోయింది. నిజమే. మనం చేసే పనిలో చాలావరకు సాయంత్రానికల్లా తినేసేదో, మాసిపోయేదో. కనపడే పని ఒక్కటి దొరికితే ఆడదానికి దాన్ని నలిగిపోకుండా కాపాడుకోవాలని వుండదూ? అదంతా ఉత్త డాంబికం అని కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ. అయితే కోడలి కోరిక న్యాయమైనదే కావచ్చు, దానికి పిల్లవాడి పుట్టినరోజే దొరకాలా అనేది ఇంకో సంగతి. తల్లి శ్రమకి గుర్తింపు ఇవ్వాల్సినవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళం ఇంతమందిమి వుండగా, ఆ బాకీ అయిదేళ్ళవాడి మెడకి చుట్టడం ఏం సబబు?

ఆగమనడం మాత్రం తప్పని నేననను. దేవుడికి పెట్టేదాకా గారె ముట్టనిచ్చేది కాదు మా అమ్మ. కాని నైవేద్యం అయిన మరుక్షణం మొదటి గారె మా చేతిలో పడేది. ఇప్పుడు దేవుడి చోట ఫోను కూర్చుంది. దానికి ఎంత నైవేద్యం పెట్టినా కడుపు నిండదు.

అలంకారం వద్దనీ నేననను. బతుకమ్మని మించిన అలంకారం ఎక్కడుంది? తంగేడు తెచ్చేది పిల్లలే. గునుగుపూలకి రంగులద్దేటప్పుడు వాళ్ళ చేతులకంటిన గులాబీరంగు ఎంత కడిగినా ఓ పట్టాన వదలదు. అందులో ఒక పువ్వు వంకరగా కూర్చుంటే ఎవరూ చెంప పగలగొట్టరు. పొద్దంతా పేర్చినదాన్ని పొద్దుగూకినాక చెరువులో వదిలేస్తాం. ఫోటో తీస్తే తీశాం, లేకపోతే లేదు. ఇదంతా కోడలికి చెబితే “అది పండుగ, ఇది ఫంక్షన్” అంది. ఆ తేడా ఏమిటో నాకింకా పూర్తిగా బోధపడలేదు.

మర్నాడు పొద్దున మనవడు దారం తెంపి, భీముణ్ణి చంకలో పెట్టుకుని మేడమీదికి పోయాడు. కాసేపటికి పైనుంచి ధన్ ధన్ అని చప్పుడు. పోయి చూస్తే వాడూ ఆ పాపా వంతులేసుకుని భీముణ్ణి గుద్దుతున్నారు. వాళ్ళమ్మ నన్ను చూసి గాభరాగా లేవబోయింది. కూర్చోమని, నేనూ ఆ పక్కనే కూర్చున్నాను. సాయంత్రానికి భీముడు ముడతలుపడి చిక్కిపోయాడు.

నిన్న కోడలు వాణ్ణి ముద్దుచేస్తూ అడిగింది. “వచ్చే బర్త్‌డేకి ఏ థీమ్ పెట్టాలె నాన్నా?”

వాడు ఆలోచించనైనా లేదు. “పంపు” అన్నాడు.